డిసెంబర్ దుప్పట్ల తర్వాత: పెద్దాసుపత్రి దగ్గర సేవ మొదలుపెట్టాలనుకునే సంఘానికి

హైదరాబాద్‌లో డిసెంబర్ రెండో వారం నుంచి క్రిస్మస్ దాకా ఏదో ఒక రాత్రి గాంధీ ఆస్పత్రి బయటో, ఉస్మానియా ఎదురుగా అఫ్జల్‌గంజ్ వైపో నిలబడి చూడండి. సంఘాల కార్లు, టెంపోలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. దుప్పట్లు పంచుతారు, బిర్యానీ పొట్లాలు పంచుతారు, శాంటా టోపీలు పెట్టుకున్న యూత్ పిల్లలు రెండు పాటలు పాడతారు, ఫోటోలు దిగుతారు, వెళ్లిపోతారు. గేటు దగ్గర పడుకున్నాయనకు మూడు దుప్పట్లు వస్తాయి, లోపల మెట్ల కింద పడుకున్నామెకు ఒక్కటీ రాదు. జనవరిలో చలి తగ్గదు గానీ మనం మాత్రం కనపడం. మే ఎండకూ జూలై వానకూ సరేసరి.

దుప్పట్లు ఇవ్వడం తప్పని అనట్లేదు, చలిలో దుప్పటి దుప్పటే. మిగతా పదకొండు నెలలు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. అది కూడా పెద్ద పెద్ద మినిస్ట్రీల కోసం రాస్తున్నది కాదు. పదిహేనో ఇరవయ్యో కుటుంబాలున్న మామూలు సంఘం, ట్రస్టు లేదు, బ్యాంకులో పెద్దగా డబ్బు లేదు, పాస్టర్ గారు కూడా వారమంతా ఇంకో ఉద్యోగం చేసుకుని ఆదివారం వాక్యం చెప్పే పరిస్థితి, అలాంటివాళ్ల కోసం.

మంచి సమరయుని ఉపమానం మనందరికీ నోటికొచ్చు, లూకా పదో అధ్యాయం. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషికి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం మీద వందల ప్రసంగాలు విన్నాం. మర్నాడు పొద్దున అతను చేసిన పని మీద మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) పెట్టాడు, ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే నేను మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు, తన ప్రయాణం తను సాగించాడు. అంటే తన పని మానుకోలేదు, తెలిసినవాడికి అప్పగించాడు, ఖర్చు భరించాడు, తిరిగొస్తానని మాటిచ్చాడు. నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది, ముఖ్యంగా ఆ తిరిగి రావడం చుట్టూ.

ఒక్క చోటు, ఒక్క రోజు

నగరం మొత్తాన్ని నెత్తిన వేసుకోకండి. ఒక్క ఆస్పత్రి చాలు. ముషీరాబాద్‌లో గాంధీ ఉంది, ఉస్మానియా ఉంది, రెడ్‌హిల్స్‌లో పిల్లల ఆస్పత్రి నీలోఫర్, దగ్గర్లోనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. మీ సంఘం కూకట్‌పల్లిలో ఉంటే అఫ్జల్‌గంజ్ పెట్టుకోకండి. ఆఫీసు అయ్యాక ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణమంటే ఎంత ఆత్మీయుడైనా నాలుగోవారానికి ఏదో ఒక పని గుర్తుకొస్తుంది. ఒక్క బస్సులోనో మెట్రోలోనో చేరగలిగే చోటు చూసుకోండి. గాంధీ ఆస్పత్రి పేరు మీదే మెట్రో స్టేషన్ ఉంది, ఉస్మానియా మెడికల్ కాలేజీకీ ఉంది.

మన పక్కనే బస్తీ ఉండగా ఆస్పత్రి ఎందుకని సంఘంలో ఎవరో ఒకరు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. బస్తీలో ఉన్నవాళ్లకు ఎంత కష్టమున్నా పక్కింటివాళ్లుంటారు, అప్పిచ్చే కిరాణా కొట్టు ఉంటుంది. ఆదిలాబాద్ నుంచో నారాయణపేట నుంచో పేషెంటుతో వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో పలకరించే మనిషి ఉండడు. పేషెంటుకు మంచం దొరుకుతుంది, ఆస్పత్రి తిండి దొరుకుతుంది. తోడొచ్చినవాళ్లు వరండాలో, చెట్టు కింద, ఓపీ బిల్డింగు ముందు చాప పరుచుకుని ఉంటారు. కూలీ పోయింది, వడ్డీకి తెచ్చిన డబ్బు కరిగిపోతోంది, డాక్టరు రౌండ్స్‌లో ఏం చెప్పాడో సగం అర్థం కాలేదు. క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి ఆ కుటుంబం అన్నాళ్లూ ఇక్కడే. మీరు వచ్చే వారం వెళ్తే అవే ముఖాలు. మళ్లీ మళ్లీ కలవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు ఏది?

రోజు విషయానికొస్తే ఆదివారం వద్దు. ఆదివారం అందరూ వస్తారు. ఈ నగరంలో అన్నం పెట్టేది మనమొక్కళ్లమే అన్న భ్రమ కూడా వద్దు, గురువారం సాయిబాబా భక్తులు పెడతారు, శుక్రవారం ముస్లిం కుర్రాళ్లు పెడతారు, పుట్టినరోజులకూ వర్ధంతులకూ పెట్టేవాళ్లు వేరే. ముందు వాళ్లతో మాట్లాడండి, ఏ రోజు ఎవరూ రావట్లేదో వాళ్లే చెప్తారు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఖాళీగా ఉంటుంది. అది పట్టుకోండి, వదలకండి.

మొదటి నెల చేతులూపుకుంటూ వెళ్లండి

యూత్‌కు ఇది అస్సలు నచ్చదు. బ్యానర్ ఎప్పుడు కొట్టిద్దాం అంటారు. అయినా మొదటి మూడు నాలుగు వారాలు ఏమీ తీసుకెళ్లకుండా ఇద్దరిద్దరుగా వెళ్లి కూర్చోండి. యేసు శిష్యులను పంపింది కూడా ఇద్దరిద్దరినే. యెరికో దారిలో బర్తిమయి అనే గుడ్డివాడు కేకలు పెడుతుంటే ఆయన పిలిచి, నేను నీకేం చేయాలి అని అడిగాడు. ఎదురుగా గుడ్డివాడు నిలబడితే ఏం కావాలో ఎవరికి తెలియదు? అయినా అడిగాడు. మనం అడగం, దుప్పటి చేతిలో పెట్టేస్తాం.

ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. కష్టం ఏమీ లేదు. నిలబడి మాట్లాడకండి, పక్కన కూర్చోండి. "యాడికెళ్లి వచ్చిండ్రక్కా? ఎవరికి బాలేదు?" అంటే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. పెద్దవాళ్లను పెద్దాయనా, అమ్మా అనండి. మనకు అలవాటైన బ్రదర్, సిస్టర్ అక్కడ వాడితే ఎవరో ఆఫీసువాళ్లు వచ్చారనుకుంటారు. ఉస్మానియాలో అయితే ఉర్దూ బాగా మాట్లాడే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. బీదర్, నాందేడ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు కన్నడ, మరాఠీ తప్ప రాకపోవచ్చు.

అడిగితే వచ్చే జవాబులు మీరనుకున్నవి కావు. అన్నం మూడోదో నాలుగోదో వస్తుంది. ఫోన్ ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలి? ఊళ్లో పిల్లలను ఎవరి దగ్గరో వదిలి వచ్చారు, ఫోన్ చచ్చిపోతే ప్రాణం పోయినట్టే. పసిబిడ్డకు పాలు కలపడానికి వేడినీళ్లు. స్నానానికి చోటు. ఈ చీటీ ఏ కౌంటర్‌లో ఇవ్వాలి? బాత్రూమ్‌కు వెళ్లొచ్చేదాకా ఈ సంచీ చూస్తావా తమ్ముడూ? ఆడవాళ్లు నోటితో అడగలేనిది శానిటరీ ప్యాడ్లు, దానికి మీ స్త్రీల సమాజంలో ఒకరు చిన్న సంచీ పట్టుకుని విడిగా తిరగాలి. ఒక పెద్ద ఫ్లాస్కు, నాలుగు పవర్ బ్యాంకులు, అన్ని రకాల ఛార్జింగ్ వైర్లతో మొదలైన సేవ వెయ్యి బిర్యానీ పొట్లాల కన్నా ఎక్కువ పనికొస్తుందంటే నమ్మండి.

ఈ నెలలోనే అనుమతి పని పూర్తి చేసుకోండి. ఆవరణ లోపల ఏం చేయాలన్నా సూపరింటెండెంట్ గారికో ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారికో లెటర్ పెట్టాలి. సంఘం పేరు, వచ్చే రోజు, మనుషుల సంఖ్య, చేసే పని మాత్రం రాయండి. సెక్యూరిటీవాళ్లతో, ఆయమ్మలతో పరిచయం పెంచుకోండి, వార్డులో ఎవరు ఏం తినలేదో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గేటు బయటే చేసేటట్టయితే అంబులెన్సు దారికి అడ్డం లేకుండా చూసుకోండి, ఒక్క సైరన్‌కు లైను చెదిరితే అంతా గందరగోళం.

అన్నం పెట్టాలనుకుంటే

పెట్టండి, కానీ తోడొచ్చినవాళ్లకే పెట్టండి. పేషెంటు చేతికి మాత్రం ఇవ్వకండి. రేపు పొద్దున ఆపరేషన్ ఉన్నవాళ్లు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, షుగర్ ఉన్నవాళ్లుంటారు, కిడ్నీ జబ్బుకు ఉప్పు తగ్గించమన్నవాళ్లుంటారు. ప్రేమగా ఇచ్చిన పులిహోర వల్ల ఆపరేషన్ వాయిదా పడొచ్చు.

శాకాహారమే చేయండి, అందరూ తినగలరు, హలాల్ అనుమానం ఉండదు. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం వేసవిలో నమ్మదగింది కాదు. సాంబారన్నం వేడిగా పెట్టగలిగితేనే. మధ్యాహ్నం పూట నగరంలో ఐదు రూపాయల భోజనం కేంద్రాలు నడుస్తున్నాయి కాబట్టి (ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ మొదలయ్యాయి, అక్కడా ప్లేటు ఐదు రూపాయలే) మీరు రాత్రి పూట చూసుకోండి, మధ్యాహ్నానికి మాత్రం ఆ కేంద్రం ఎక్కడుందో చేయిపట్టి చూపించండి.

లైనులో తోపులాట గురించి ఒక మాట. ఐదు వేల మందికి ఆహారం పెట్టినప్పుడు ప్రభువు ముందు చేసింది అందరినీ పచ్చిక మీద బారులు తీర్చి కూర్చోబెట్టడం, చివర్లో చేసింది మిగిలిన ముక్కలు ఎత్తించడం. అద్భుతం మధ్యలో కూడా క్రమం ఉంది, శుభ్రత ఉంది. మనవాళ్లు వెళ్లాక ఫుట్‌పాత్ నిండా విస్తళ్లు పడుంటే మర్నాడు ఊడ్చేది జీహెచ్ఎంసీ కార్మికులు, వాళ్లలో ఎంతమంది మన సంఘాలవాళ్లో మీకు తెలుసు.

చీటీలు, కౌంటర్లు: అసలు సేవ ఇక్కడే

నన్నడిగితే అన్నం కన్నా దీనికే ఎక్కువ మనుషులను పెట్టాలి. కాలేజీ చదువుతున్న యూత్‌కు సరిగ్గా సరిపోయే పని కూడా ఇదే. సంఘంలో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఈ విషయాలు బాగా నేర్చుకోవాలి.

తెలంగాణ కుటుంబాలకు ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి పది లక్షల వరకు వైద్యం ఉంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని అక్కడికి తీసుకెళ్లాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కార్డు ఉందేమో అడగండి, అది ఐదు లక్షల వరకు, వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల కార్డు ఇక్కడ ఏ జబ్బుకు పనికొస్తుందో ఆరోగ్యమిత్రనే అడగాలి, మనం ఊహించి చెప్పకూడదు. చాలాసార్లు కార్డు ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది, ఇంటికి ఫోన్ చేయించి వాట్సాప్‌లో ఫోటో తెప్పిస్తే కనీసం నంబరైనా చేతికొస్తుంది. మీరు చేయాల్సింది అంతే, గానీ ఆ అంత దానికే ఒక కుటుంబం రెండు రోజులు కౌంటర్ల చుట్టూ తిరుగుతుంది.

టీబీ అయితే మందులు పూర్తిగా ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. పోషకాహారానికి ఇచ్చే డబ్బును 2024 నవంబర్ నుంచి నెలకు వెయ్యి రూపాయలు చేశారు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారో లేదో అడగండి. నగరంలోనే ఉండేవాళ్లకు బీపీ, షుగర్ మందులు బస్తీ దవాఖానాల్లో దొరుకుతాయి, పెద్దాసుపత్రి దాకా రానక్కర్లేదు.

రక్తం కావాల్సి వస్తే ఊరి నుంచి వచ్చినవాళ్లు బెంబేలెత్తిపోతారు. మీ సంఘంలో, కుదిరితే పక్క సంఘాల్లోనూ, బ్లడ్ గ్రూపులతో ఒక లిస్టు రాసిపెట్టుకోండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. చివరిసారి ఎప్పుడు ఇచ్చారో పేరు పక్కనే రాస్తే అవసరమైనప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ఆరాధనలో యేసు రక్తం గురించి అన్ని పాటలు పాడతాం కదా, సూదికి భయపడేవాళ్లు మన దగ్గరే ఎక్కువ!

ఎవరైనా చనిపోతే, అది జరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఆ అర్ధరాత్రి ప్రైవేటు అంబులెన్సువాళ్లు చెప్పే రేటుకు మనిషి పోయిన బాధ మీద ఇంకో దెబ్బ. ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి మృతదేహాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే వాహనాలు ఉన్నాయి, ముందు మార్చురీ దగ్గర దాని గురించి అడగండి. ఆ కుటుంబంతో పాటు ఒకరు చివరిదాకా నిలబడాలి, అంతకుమించి ఆ రాత్రి చేయగలిగింది లేదు.

డబ్బు చేతికివ్వాలా వద్దా అని అందరూ అడుగుతారు. వీలైనంతవరకు మందులషాపులో మీరే బిల్లు కట్టండి, తక్కువ ధరకు మందులమ్మే జనౌషధి షాపులో దొరికేవి అక్కడే కొనండి. బస్సు ఛార్జీకి మాత్రం మొహమాటం లేకుండా ఇవ్వండి. తెలంగాణ ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం కాబట్టి ఇంటికెళ్లడానికి డబ్బు చాలనిది చాలాసార్లు మగాయనకే, ఆయన అది నోరు తెరిచి చెప్పడు.

ప్రార్థన చేయొచ్చా?

చేయొచ్చు. అడిగి చేయండి. "మీకోసం ప్రార్థన చేయమంటారా అమ్మా?" అనండి. వద్దంటే నవ్వి ఊరుకోండి, నీళ్లు మాత్రం పోయండి, వచ్చేవారం మళ్లీ పలకరించండి. ఆకలితో ఉన్నవాడు వద్దని అనలేడు, అందుకే అన్నం పొట్లంతో కరపత్రం కలిపి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ మాటకు కొందరు పెద్దలు కోప్పడతారు, సువార్త సంగతేంటి అంటారు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, అదీ సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరీ అని ప్రభువు అడిగాడు, నిజమే, గానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. మీరెవరు, ఎందుకొస్తున్నారు అని ఎవరైనా అడిగితే దాపరికం లేకుండా చెప్పండి. వారం వారం వస్తుంటే తప్పకుండా అడుగుతారు. అడిగినప్పుడు చెప్పే సాక్ష్యం వేరు.

ఇంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. స్వస్థత ప్రార్థన అయ్యాక "విశ్వాసముంచు, ఇక మందులు అక్కర్లేదు" అనే మనిషిని మీ టీమ్‌లోకి రానివ్వకండి, ఎంత బాగా పాడినా సరే. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, మూర్ఛకు, మానసిక జబ్బులకు వాడే మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అని పిలిచాడు. ప్రార్థన చేసి, డాక్టరు చెప్పిన మాత్ర టైముకు వేసుకోమని అదే నోటితో చెప్పండి.

ఇక ఏం మాట్లాడాలి? బతకడని డాక్టర్లు చెప్పేసిన పిల్లాడి తల్లి దగ్గర కూర్చున్నప్పుడు "అంతా మంచికే", "దేవుడు పరీక్షిస్తున్నాడు" లాంటి మాటలు నోటిదాకా వస్తాయి. మింగేయండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతో పాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు, ఆ వారం రోజులు వాళ్లంత మంచి స్నేహితులు లేరు, చెడింది నోరు తెరిచాకే. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. నిరీక్షణ ఉన్నవాడు ఏడవకూడదన్న రూలు లేదు. బాగవుతుందని మాటివ్వడం మన చేతిలో లేదు, బుధవారం మళ్లీ వస్తానని చెప్పడం ఉంది. అదే చెప్పండి, చెప్పాక వెళ్లండి.

మీ వల్ల కానివి గుర్తుపట్టండి

రోడ్డు మీద ఒంటరిగా, మతి స్థిమితం లేకుండా తిరిగేవాళ్లు కనపడతారు. సంఘానికి తీసుకొచ్చి ఉపవాస ప్రార్థనలు పెట్టకండి, కట్టేయడం లాంటివి అసలే వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 100 ప్రకారం అలాంటివాళ్లను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చే బాధ్యత పోలీస్ స్టేషన్‌ది. ఎర్రగడ్డలో మానసిక ఆస్పత్రి ఉంది. స్టేషన్‌కు వెళ్లి మర్యాదగా ఆ సెక్షన్ పేరు చెప్పి అడగండి, పాస్టర్ గారు పక్కనుంటే ఇంకా మంచిది. దిగులుతో, చనిపోవాలనే ఆలోచనతో ఉన్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, మీ ఫోన్ నుంచే కలిపి పక్కన కూర్చోండి.

ఒంటరి పిల్లలు కనపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. వాళ్ల ఫోటో తీయకండి, స్టేటస్‌లో పెట్టకండి, అలా పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం కూడా. వదిలేసిన ముసలివాళ్లకు ఎల్డర్ లైన్ 14567, ఇంట్లో కొట్టి తరిమేసిన ఆడవాళ్లకు 181. ఇల్లు లేనివాళ్లకు నైట్ షెల్టర్లుంటాయి, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ దగ్గర్లోది ఎక్కడుందో, ఆడవాళ్లను తీసుకుంటారో లేదో ముందే వెళ్లి చూసిరండి. సమరయుడికి పూటకూళ్లిల్లు ఎక్కడుందో తెలుసు కాబట్టే తీసుకెళ్లగలిగాడు.

పెద్దవాళ్లను కూడా ఫోటోలు తీయొద్దనే నేనంటాను. కానుకలిచ్చినవాళ్లు రుజువు అడుగుతారంటారా, సామాన్ల ఫోటో పెట్టండి, బిల్లులు పెట్టండి.

డబ్బు, మనుషులు

డబ్బు గురించి పొట్టిగా. ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరు సంతకం పెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, నెలకోసారి సంఘంలో చదివి వినిపించాలి. యెరూషలేము పేదలకు చందా పోగుచేసినప్పుడు పౌలంతటివాడే ఎవరూ వేలెత్తి చూపకుండా ఇంకో మనిషిని వెంట పెట్టుకున్నాడు. అమెరికాలో ఉన్న మన సంఘం పిల్లలు డాలర్లు పంపుతామంటారు, అక్కడ కొంచెం జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, గ్రీన్ కార్డు ఉన్నా సరే. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికొస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. మన డల్లాస్ అన్నయ్యే కదా అంటే చట్టం వినదు.

మనుషుల విషయంలో అసలు సమస్య ఉత్సాహం. మొదటి వారం పాతికమంది వస్తారు, ఆరోవారం ముగ్గురు. అందుకే మొదటి రోజే వంతులు వేసుకోండి, ఒక్కొక్కరికి నెలలో ఒక్క వారమే పడేట్టు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని మోషేకు చెప్పి పని పంచుకోమన్నది మామ యిత్రోనే, మన సంఘాల్లో అలాంటి మామ ఒకరుండాలి. బాధ్యత ఒక్క పాస్టరమ్మ నెత్తిన పడకుండా చూడండి, మామూలుగా అక్కడే పడుతుంది. తిరిగొచ్చాక పది నిమిషాలు కూర్చుని ఎవరు ఏం చూశారో చెప్పుకోండి. నిద్రపట్టని రాత్రులుంటాయి, ముఖ్యంగా పిల్లల వార్డు చూసొచ్చినవాళ్లకు. చచ్చిపోతాను ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవదూత ముందు ప్రసంగం చెప్పలేదు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మీ టీమ్‌లో ఎవరైనా అలా అయిపోతే ఒక నెల ఇంటి దగ్గర ఉండమనండి, వెనకబడ్డావని అనకండి.

సాయం పొందినవాళ్లు ఊరికే తీసుకోవడానికి ఇబ్బందిపడితే పని చెప్పండి. మెదక్ చర్చి కథ మీరు వినే ఉంటారు, కరువు రోజుల్లో పోస్నెట్ దొర అనే మిషనరీ ఆకలితో ఉన్న జనానికి కట్టడం పని ఇచ్చి అన్నం పెట్టాడని, 1924 క్రిస్మస్ రోజున ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది. ఆస్పత్రి దగ్గర కూడా వడ్డించడానికో, కొత్తగా వచ్చినవాళ్లకు కౌంటరు చూపించడానికో అక్కడే ఉంటున్నవాళ్లను కలుపుకోండి. నాలుగు వారాలుగా అదే వార్డు బయట ఉన్నామెకు మీ కన్నా ఎక్కువ తెలుసు.

ఏమీ మారనప్పుడు, ఆపాల్సి వచ్చినప్పుడు

ఏడాది తిరిగాక లెక్క చూసుకుంటే నిరుత్సాహంగా ఉంటుంది. ఆస్పత్రి ముందు జనం తగ్గలేదు, అదే వరండా, అవే చాపలు, కొత్త ముఖాలు. తాగుడు మానతానని ఒట్టేసినాయన మళ్లీ తాగి వచ్చాడు. మీరు ఛార్జీ ఇచ్చి పంపించిన మనిషి అసలు తన ఊరికి వెళ్లనేలేదు. సంఘానికి ఒక్క కుటుంబమూ కొత్తగా రాలేదు, వార్షిక సభలో ఎవరో ఆ సంగతి ఎత్తుతారు. కనిపించేదాని కోసం ఎవడు ఎదురుచూస్తాడు అని రోమా పత్రికలో పౌలు అడిగింది ఇలాంటి సభ ముందు పెట్టాల్సిన ప్రశ్నే. మన నిరీక్షణ మన లెక్కల పుస్తకం మీద ఆధారపడితే ఆరో నెలకే సేవ మూతపడేది. దేవుడు ఆ వరండాలో మనకన్నా ముందునుంచీ ఉన్నాడని నమ్ముతాం కాబట్టి ఫలితం కనపడకపోయినా వెళ్తాం. అది అర్థమైనవాళ్లు ముగ్గురే మిగిలినా పని సాగుతుంది.

అయినా ఒక్కోసారి నిజంగానే ఆపాల్సి వస్తుంది. ఉద్యోగాలు మారతాయి, సంఘం ఇంకో చోటికి పోతుంది. చెప్పకుండా మానేయకండి. కనీసం ఒక నెల ముందు అక్కడివాళ్లకు చెప్పండి, ఆర్ఎంఓ గారికి చెప్పండి, వేరే రోజు వచ్చేవాళ్లు ఎవరైనా సరే, గురువారంవాళ్లో శుక్రవారంవాళ్లో, మన బుధవారం తీసుకుంటారేమో అడగండి. కౌంటర్ల వివరాలు, షెల్టర్ నంబర్లు, రక్తదాతల్లో ఒప్పుకున్నవాళ్ల పేర్లు వాళ్లకు రాసివ్వండి. పేషెంట్ల పేర్లు, జబ్బులు రాసుకున్న పేజీలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చించేయండి. ఫ్లాస్కు, పవర్ బ్యాంకులు కొత్తవాళ్లకు ఇచ్చేయొచ్చు.